బీచ్ 50 మీటర్లే అంటారు, మధ్యలో రోడ్డుందని చెప్పరు

ఈ నెల మీ ఉత్తరాల్లో సగం పైగా ఒకటే అడుగుతున్నాయి. సెలవులకి వేరే దేశం వెళ్ళాలి, సముద్రం పక్కన ఉండాలి, పెద్ద హోటల్ వద్దు, చిన్న గెస్ట్‌హౌస్ అయితే చాలు, ఎలా వెతకాలి, ఎలా బుక్ చేయాలి అని. ఒడిశా ఒడ్డున మన గోపాల్‌పూర్ అలల చప్పుడు వింటూ పెరిగిన వాళ్ళం కదా, ఎక్కడికెళ్ళినా మన కాళ్ళు నీళ్ళ వైపే లాగుతాయి. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: అక్కా నమస్తే. మేం మొత్తం ఏడుగురం, నేను, మావారు, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, అత్తయ్య, మావయ్య, మా ఆడపడుచు. మే నెలలో పిల్లల సెలవులకి శ్రీలంకలో మిరిస్సా వెళ్దామనుకుంటున్నాం. యాప్‌లో ఒక గెస్ట్‌హౌస్ ఫొటోలు చూసి ఇంట్లో అందరికీ తెగ నచ్చేసింది, రేటు సగానికి సగం తగ్గించి చూపిస్తోంది, ఇవాళే కడితే ఇంకా తక్కువ అంటోంది. కట్టేయమంటారా?
ఓ టీచరమ్మ, బరంపురం

జవాబు: ఆగమ్మా, ఇవాళ కట్టకు. ఆ రేటు సగానికి ఎందుకు పడిపోయిందో ముందు చూడాలి. మిరిస్సా, ఉనవటున, వెలిగమ, హిక్కడువ ఇవన్నీ శ్రీలంకకి దక్షిణం, పడమర ఒడ్డున ఉన్న ఊళ్ళు, మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం నేరుగా వచ్చి వాటికే తగులుతుంది. మనకి జూన్‌లో రొజొ పండగ టైముకి పడే వాన వాళ్ళకి మేలోనే దిగిపోతుంది. వాన ఒక్కటే అయితే గొడుగేసుకుని తిరగొచ్చు, అసలు ఇబ్బంది సముద్రంతో. ఆ నెలల్లో అల పెద్దదవుతుంది, లోపలికి లాగేసే ప్రవాహాలుంటాయి, చాలాచోట్ల ఎర్ర జెండా పెట్టేస్తారు, మిరిస్సాలో తిమింగలాలు చూపించే పడవల సీజన్ కూడా నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. ఆరేళ్ళ బాబుని వరండాలో కూర్చోబెట్టి దూరం నుంచి నీళ్ళు చూపించడానికి అంత ఖర్చు పెట్టుకుని వెళ్తారా చెప్పు.

అదే దేశంలో తూర్పు ఒడ్డు మాత్రం సరిగ్గా అప్పుడే బావుంటుంది. ఆ నైరుతి గాలి మధ్యలో కొండలు ఎక్కి దిగేసరికి తన నీళ్ళన్నీ అటు పక్కే కుమ్మరించేస్తుంది, తూర్పుకి వచ్చేటప్పటికి పొడి గాలి అయిపోతుంది. ట్రింకోమలీ దగ్గర ఉప్పువేలి, నిలావేలి బీచ్‌లకి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సీజన్, లోతు మెల్లగా పెరుగుతుంది, అల చిన్నది, పిల్లలకి మోకాళ్ళ లోతులో గంటలు గంటలు ఆడుకోవచ్చు. ఎండ మటుకు మన మే ఎండే, అందులో తేడా ఏమీ లేదు, పొద్దున్న తొమ్మిదింటి లోపు, సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళలోకి, మధ్యలో ఫ్యాన్ కింద నిద్ర, అంతే. అత్తయ్యగారు, మావయ్యగారు వస్తున్నారు కాబట్టి ఇంకో లాభం, ట్రింకోమలీలో కోణేశ్వరం గుడి ఉంది, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీద శివాలయం. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు పడగొట్టి ఆ రాళ్ళనే కోటకి వాడారు, ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్నది, కోట లోపల నుంచే పైకి వెళ్ళాలి, దారిలో జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. మీ మావయ్యగారికి గెస్ట్‌హౌస్ పేరు గుర్తుండకపోయినా ఆ గుడి గుర్తుంటుంది.

వెళ్ళే దారి కూడా చెప్తాను, ఎందుకంటే మొదటి రాత్రి ఎక్కడ ఉండాలో దాన్ని బట్టే తేలుతుంది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ రాత్రి బరంపురంలో ఎక్కితే మర్నాడు సాయంత్రానికి చెన్నై, అక్కణ్ణించి కొలంబోకి విమానం గంటన్నర కూడా పట్టదు. కొలంబో ఎయిర్‌పోర్ట్ ఉన్నది ఊళ్ళో కాదు, ఉత్తరాన కటునాయకెలో, అక్కణ్ణించి ట్రింకోమలీ కారులో అయిదారు గంటలు. రాత్రి దిగితే పెద్దవాళ్ళతో ఆ ప్రయాణం పెట్టుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే నెగొంబో ఉంది, అక్కడ ఒక రాత్రికి ఇంకో చిన్న గెస్ట్‌హౌస్ తీసుకుని తెల్లారి బయల్దేరండి. చిన్న ఇళ్ళలో రాత్రంతా రిసెప్షన్ ఉండదు, గేటుకి తాళం వేసి పడుకుంటారు, ఎన్నింటికి దిగుతున్నారో ముందే చెప్పకపోతే రోడ్డు మీద నిలబడాల్సొస్తుంది.

ఇక ఇల్లు వెతకడం. నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ క్రితం హిక్కడువ వైపు ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాం, బీచ్ 50 మీటర్లు అని రాశారు, అది అబద్ధం కాదు, నిజంగానే 50 మీటర్లు. కానీ ఆ 50 మీటర్ల మధ్యలో కొలంబో నుంచి గాలే ఊరికి పోయే పెద్ద రోడ్డు ఉంది, ప్రైవేటు బస్సులు ఎంత స్పీడుగా పోతాయో చెప్పలేను, మా పాపకి అప్పుడు ఆరేళ్ళు, ప్రతిసారీ దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేటప్పుడు నా గుండె గొంతులో ఉండేది, ఇంటి వెనకాలేమో రైలు పట్టాలు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా పాపని ఒంటరిగా గేటు దాకా పంపలేదు. అప్పట్నుంచి నేను చేసేది ఒకటే, ఫొటోలు చూసే ముందు మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూలో ఆ ఇంటిని పెట్టుకుంటాను, ఇంటికి నీటికి మధ్య ఏముందో వేలితో గీసుకుంటూ పోతాను, రోడ్డా, రైలా, వాగా, చేపల మార్కెట్టా, పక్కన ఖాళీ స్థలంలో ఏదైనా కడుతున్నారా. స్ట్రీట్ వ్యూ ఉంటే ఇంటి ముందు నిలబడి చుట్టూ తిరిగి చూస్తాను. నువ్వూ అలాగే చెయ్యమ్మా, అరగంట పని.

రివ్యూలు చదివేటప్పుడు కొత్తవి ముందు పెట్టుకుని చదువు, అదీ నువ్వు వెళ్ళే నెలలో వెళ్ళినవాళ్ళు రాసినవి. పదికి పది ఇచ్చినవాళ్ళు ‘సూపర్’ అని వదిలేస్తారు, ఒకటి ఇచ్చినవాళ్ళు కోపంలో ఉంటారు, మధ్యలో ఆరు ఏడు ఇచ్చినవాళ్ళ దగ్గరే పనికొచ్చే ముక్క దొరుకుతుంది, గోడకి చెమ్మ ఉంది, పక్క బార్‌లో రాత్రి పన్నెండు దాకా పాటలు, వేణ్ణీళ్ళు రావు, ఇలాంటివి. శ్రీలంకలో చిన్న ఇళ్ళలో చాలావాటికి గీజర్ ఉండదు, ఏసీకి రేటు వేరే ఉంటుంది, ఫ్యాన్ రూమ్ అని కడితే గోడకి ఏసీ కనిపిస్తుంది గానీ రిమోట్ ఇవ్వరు. మోసం అనుకోకు, వాళ్ళ పద్ధతే అది, ముందే అడిగి తీసుకోవాలి.

ఏడుగురం అని చెప్పావు కదా, యాప్‌లో కూడా ఏడుగురనే పెట్టు, పిల్లల వయసులు కూడా. మన ఇళ్ళలో పెళ్ళికెళ్తే ఒక గదిలో పదిమంది పడుకుంటాం, అదే లెక్కలో నలుగురని చెప్పి ఏడుగురు దిగితే అక్కడ ఇంటావిడ మొహం ఎలా ఉంటుందో ఊహించు, ఆవిడకి ఉన్నవే నాలుగు గదులు, పొద్దున్న టిఫిన్ కూడా లెక్క చూసుకుని చేస్తుంది. నీకు మూడు గదులు కావాలి, వీలైతే ఇల్లు మొత్తం, అత్తయ్యగారికి కింద అంతస్తులో గది. ఈ సంగతులన్నీ ఓనర్‌కి మెసేజ్ పెట్టు, డబ్బు కట్టకముందే. చిన్న గెస్ట్‌హౌస్‌లో మనం నిజంగా ఎంచుకునేది గదిని కాదమ్మా, ఆ ఇంటివాళ్ళని. నువ్వు అయిదు విషయాలు అడిగితే అయిదింటికీ విడివిడిగా జవాబిచ్చి, ‘మీ అత్తగారికి మెట్లు లేకుండా గార్డెన్ పక్క గది ఇస్తాం, కానీ ఆ గదికి సముద్రం కనపడదు’ అని లోపం కూడా వాళ్ళే చెప్పారనుకో, ఆ ఇల్లు తీసుకోవచ్చు. ‘ఎవ్రీథింగ్ ఓకే మేడమ్, బుక్ నౌ’ అని ఒక్క ముక్క వస్తే వదిలెయ్.

డబ్బు విషయంలో, పది శాతం తగ్గుతుందని రిఫండ్ రాని రేటు తీసుకోకు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఎవరికైనా జ్వరం రావచ్చు, రైలు టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉండిపోవచ్చు. ఫ్రీ క్యాన్సిలేషన్ ఎన్నో తారీఖు దాకా ఉందో క్యాలెండర్ మీద రాసి పెట్టుకో. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద ట్యాక్స్, సర్వీస్ ఛార్జీ వేరే పడతాయని అర్థం, శ్రీలంకలో సర్వీస్ ఛార్జీ మామూలుగా 10 శాతం, వ్యాట్ 2024 జనవరి నుంచి 18 శాతం, మరీ చిన్న ఇళ్ళు వ్యాట్ వెయ్యకపోవచ్చు, అందుకే ‘అన్నీ కలిపి ఏడుగురికి, ఇన్ని రాత్రులకి ఎంత’ అని ఒక్క అంకె రాయించుకో. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈటీఏ అనే పర్మిషన్ మటుకు శ్రీలంక ప్రభుత్వం సైట్‌లోనే పెట్టండి, అచ్చం అలాగే కనిపించి ఎక్కువ డబ్బు లాగే సైట్లు చాలా ఉన్నాయి, ఫీజు ఎంతో అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న: అక్కా, మా అమ్మ చేప, గుడ్డు ముట్టదు, ఉల్లి కూడా శనివారం మానేస్తుంది. శ్రీలంక గెస్ట్‌హౌస్‌లో ఏం తింటుంది? వంట గది ఉన్నది చూడాలా?
ఛత్రపురం నుంచి ఓ కూతురు

జవాబు: వంట గది ఉంటే మంచిదేగానీ అది లేకపోయినా అమ్మ ఆకలితో ఉండదు. పొద్దున్న ఆపం, ఇడియాప్పం లాంటివి, అన్నంలోకి కొబ్బరిపాలు పోసిన పప్పు, పనసకాయ కూర, గుమ్మడికాయ కూర ఇంటి భోజనంలో మామూలే. జాగ్రత్త పడాల్సింది కొబ్బరి పచ్చడి దగ్గర. పొల్ సంబోల్ అంటారు, చూడ్డానికి మన కొబ్బరి కారంలాగే ఎర్రగా ఉంటుంది, అందులో ఉంబలకడ అని ఎండబెట్టిన చేప పొడి వేస్తారు, కూరల్లో కూడా రుచికి చిటికెడు వేసేస్తారు, వాళ్ళకి అది చేప కిందకి రాదు, మనకి ఇంగువ ఎలాగో అలాగ. ‘వెజిటేరియన్’ అంటే సరే అంటారు, అది వేసే పెడతారు. కాబట్టి ‘ఉంబలకడ వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు’ అని ఆ పేరుతోనే రాయి. ట్రింకోమలీ, జాఫ్నా వైపు తమిళ హిందువుల శాకాహార హోటళ్ళు ఉంటాయి, అటైతే ఇంకా తేలిక. పెట్టెలో మన బరంపురం అప్పడాలు, ఒక ఊరగాయ సీసా మూత గట్టిగా బిగించి పెట్టుకోండి, ఇంటావిడకి కూడా ఒక అప్పడాల కట్ట ఇవ్వండి, మర్నాటి నుంచి అమ్మకి ఎలాంటి మర్యాద జరుగుతుందో మీరే చూస్తారు.

ప్రశ్న: నమస్తే అక్కా, ఫిబ్రవరిలో నా పెళ్ళి. మార్చిలో ఉగాది సెలవు కలిసొచ్చేలా ఇద్దరం బాలి వెళ్దామని, కుటా బీచ్ పక్కన ఒక చిన్న హోమ్‌స్టే చూశాను. నాలుగు రాత్రులు. బావుంటుందా?
పర్లాకిమిడి అబ్బాయి

జవాబు: ముందుగా శుభాకాంక్షలు తమ్ముడూ. హోమ్‌స్టే ఆలోచన చాలా మంచిది, బాలిలో హోమ్‌స్టే అంటే ఒక కుటుంబం ఉండే ప్రాంగణంలోనే మనకీ ఒక గది ఇస్తారు, పొద్దున్నే ఆ ఇంటి ఆడవాళ్ళు కొబ్బరాకు దొప్పలో పువ్వులు, చిటికెడు అన్నం పెట్టి గుమ్మం ముందు, ఇంటి గుడి ముందు పెట్టి నీళ్ళు చిలకరిస్తారు, అది చూస్తూ కాఫీ తాగితే వేరే దేశంలో ఉన్నట్టే ఉండదు. కార్తీక పున్నమికి మన చుట్టుపక్కల ఒడియా వాళ్ళు అరటి దొప్ప పడవలో దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు కదా, బొయితొ బొందాణ, అది మన తీరం నుంచి బాలి, జావా వెళ్ళిన వర్తకుల జ్ఞాపకమే. నువ్వు వెళ్ళేది కొత్త చోటుకి కాదు, మనవాళ్ళు ఎప్పుడో తిరిగిన చోటుకే.

కానీ నీ తారీఖులు ఒకసారి చూడు. బాలిలో కూడా శక సంవత్సరమే, వాళ్ళ సంవత్సరాదిని న్యెపి అంటారు, అది మామూలుగా మార్చిలో వస్తుంది, 2023లో అయితే మార్చి 22న మన ఉగాది, వాళ్ళ న్యెపి ఒకే రోజు. మనం ఆ రోజు గుడికెళ్తాం, చుట్టాలింటికెళ్తాం, వాళ్ళు మాత్రం 24 గంటలు మౌనం పాటిస్తారు. ఎయిర్‌పోర్ట్ మూసేస్తారు, రోడ్డు మీద బండి తిరగదు, బీచ్‌కి వెళ్ళనివ్వరు, టూరిస్టులు కూడా గేటు దాటకూడదు, రాత్రి లైట్లు కూడా బయటికి కనపడకూడదు. నాలుగు రాత్రుల్లో ఒక రోజు పూర్తిగా ఇంట్లోనే అన్నమాట, ఆ రోజు విమానం ఉందని టికెట్ తీసుకున్నావంటే మొత్తం తారుమారు. దాన్ని చూడాలనే వెళ్తే గొప్పగా ఉంటుంది, ముందు రోజు సాయంత్రం ఓగో ఓగో అని పెద్ద పెద్ద రాక్షస బొమ్మలు ఊరేగిస్తారు, మన బరంపురం ఠాకురాణి యాత్ర వేషాలు చూసి పెరిగినవాళ్ళకి అది తప్పకుండా నచ్చుతుంది. అలాగైతే న్యెపి రోజు భోజనం పెడతారా అని హోమ్‌స్టే వాళ్ళని ముందే అడుగు, కొట్లన్నీ మూసే ఉంటాయి.

రెండోది కుటా. మార్చి అంటే అక్కడ వానాకాలం చివర, డిసెంబరు నుంచి మార్చి దాకా పడమటి గాలికి సముద్రంలోని ప్లాస్టిక్ చెత్తంతా కుటా, లెగియన్, సెమిన్యాక్ ఒడ్డుకి కొట్టుకొస్తుంది, పొద్దున్నే ట్రాక్టర్లు పెట్టి ఎత్తుతుంటారు. ఫొటోల్లో అది కనపడదు, ఆ ఫొటో జులైలో తీసినది. తూర్పు పక్క సనూర్ చూడు, ముందు పగడపు దిబ్బ ఉంది కాబట్టి నీళ్ళు చెరువులా ఉంటాయి, సూర్యోదయం కనిపిస్తుంది, ఒడ్డు పొడవునా నడిచే బాట ఉంది. ఊళ్ళో హడావుడి తక్కువ, కొత్త జంటకి నడుచుకుంటూ మాట్లాడుకోడానికి నాకైతే కుటా కన్నా అదే నచ్చింది.

బుకింగ్‌లో ఒక చిన్న లెక్క, చాలామంది దీంట్లో డబ్బు పోగొట్టుకుంటారు. ఫ్రీ క్యాన్సిలేషన్ గడువు ఆ ఊరి టైము ప్రకారం ఉంటుంది. బాలి మనకన్నా రెండున్నర గంటలు ముందు, వాళ్ళకి అర్ధరాత్రి అయ్యేసరికి మనకి రాత్రి తొమ్మిదిన్నరే. ఇంకా రెండున్నర గంటలుంది కదా అని భోంచేసి పదింటికి క్యాన్సిల్ నొక్కితే ఒక రాత్రి డబ్బు కట్ అయిపోతుంది. శ్రీలంకకి ఈ తలనొప్పి లేదు, వాళ్ళదీ మనదీ ఒకే టైము. బాలిలో కూడా రెండు ప్లస్సులు చూసుకో, అన్నీ కలిపి 21 శాతం దాకా పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టులు ఒక్కొక్కరికి లక్షా యాభై వేల రుపియా బాలి ప్రభుత్వానికి కట్టాలి, వీసా ఫీజు కాకుండా. అంకె చూసి కంగారు పడకు, మన రూపాయల్లో వెయ్యి లోపే.

ప్రశ్న: అక్కా, చాలా టెన్షన్‌లో రాస్తున్నాను. పూజ సెలవులకి అక్టోబరు మొదటి వారంలో థాయ్‌లాండ్ క్రాబీలో గెస్ట్‌హౌస్ ఒక యాప్‌లో బుక్ చేశాను, అక్కడికెళ్ళాక కట్టే పద్ధతిలో. నిన్న ఆ యాప్‌లోనే గెస్ట్‌హౌస్ పేరుతో మెసేజ్ వచ్చింది, 12 గంటల్లో కార్డు వెరిఫై చేయకపోతే బుకింగ్ పోతుందని లింక్ ఇచ్చారు. నొక్కి వివరాలిచ్చాను, ఓటీపీ కూడా, 18,000 పోయాయి. ఇప్పుడేం చేయాలి? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
రాయగడ

జవాబు: బాబూ, నీకు ఈ జవాబు పత్రికలో రాకముందే ఫోన్ చేసి చెప్పాను, ఇప్పుడు మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. మొదటి పని కార్డు బ్లాక్ చేయించడం, రెండోది 1930కి ఫోన్ చేయడం, అది సైబర్ మోసాలకి దేశమంతటికీ ఉన్న నంబరు, ఎంత తొందరగా చెప్తే డబ్బు మధ్యలో ఆపడానికి అంత అవకాశం. బ్యాంక్‌కి ఫోన్‌తో సరిపెట్టకుండా రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి, కంప్లయింట్ నంబరు తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ 2017లో పెట్టిన రూల్ ప్రకారం మనమే ఓటీపీ ఇచ్చిన కేసులో అప్పటిదాకా పోయింది మన నష్టం కిందకే వస్తుంది, కానీ బ్యాంక్‌కి చెప్పిన తర్వాత పోయేది బ్యాంకే భరించాలి. అందుకే సిగ్గుపడి ఒక రాత్రి ఆగడం కూడా తప్పే. ఇంట్లో చెప్పెయ్, నీలాంటి చదువుకున్నవాళ్ళు ఎంతమంది దీంట్లో పడ్డారో లెక్కే లేదు.

ఇది ఎలా జరుగుతుందో అందరూ తెలుసుకోవాలి. దొంగలు యాప్‌ని కాదు, ఆ చిన్న గెస్ట్‌హౌస్ కంప్యూటర్‌ని పట్టుకుంటారు, ఓనర్‌కి ఏదో మెయిల్ పంపి పాస్‌వర్డ్ కాజేసి అతని అకౌంట్‌లోకి దూరతారు, అక్కణ్ణించి నీ పేరు, నీ తారీఖులు, నువ్వు కట్టాల్సిన మొత్తం అన్నీ చూసి నీకే మెసేజ్ పెడతారు. అందుకే అది నిజమైన చాట్‌లోనే వస్తుంది, వివరాలన్నీ కరెక్టుగా ఉంటాయి, నమ్మకుండా ఎలా ఉంటాం. తేడా తెలిసేది ఒక్క చోటే, లింక్ నొక్కితే యాప్ బయటికి తీసుకెళ్తుంది, తొందరపెడుతుంది. కార్డుతో ఏ పనైనా యాప్ తెరిచి మీ బుకింగ్ పేజీలోకి మీరే వెళ్ళి చేయండి, చాట్‌లో వచ్చిన లింక్ నుంచి కాదు. అనుమానం వస్తే మ్యాప్‌లో ఆ గెస్ట్‌హౌస్ నంబరు తీసుకుని ఫోన్ చేయండి, ఆ మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి మాత్రం చేయొద్దు.

మరో మాట బాబూ, నీ అసలు బుకింగ్ ఇంకా బతికే ఉంటుంది, పోయింది కార్డు డబ్బు మాత్రమే. అయితే అక్టోబరు మొదట్లో క్రాబీ, ఫుకెట్ వైపు ఇంకా వానలే, పడవలు ఆపేసే రోజులుంటాయి. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉంది కాబట్టి డిసెంబరుకి జరుపుకో, అప్పటికి ఆ సముద్రం తేటపడుతుంది, నీ మనసు కూడా కుదుటపడుతుంది.

ప్రశ్న: ఎన్ని నెలల ముందు బుక్ చేయాలి? ముందే చేస్తే చౌకా, ఆఖర్న చౌకా?
జయపురం

జవాబు: నాలుగు గదుల ఇంటికి ఆఖరి నిమిషం ఆఫర్లు నమ్ముకోవద్దండి, మంచి ఇల్లయితే పాతవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి నింపేస్తారు. మీరు వెళ్ళేది ఆ ఊరి సీజన్‌లో అయితే మూడు నాలుగు నెలల ముందు, క్రిస్మస్, కొత్త సంవత్సరం అయితే ఇంకా ముందు. కానీ పాస్‌పోర్ట్ చేతిలో లేకుండా, దాని గడువు ప్రయాణం తర్వాత ఆరు నెలలైనా ఉందో లేదో చూడకుండా మాత్రం ఏదీ కట్టొద్దు. కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి, 2020 నుంచి కొత్త కార్డులన్నీ మన దేశం వరకే పనిచేసేలా ఇస్తున్నారు, అది తెలియక బుకింగ్ ఫెయిలవుతోందని చాలామంది రాస్తున్నారు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరయి నాలుగేళ్ళయింది. నాకూ మా ఆవిడకీ ఆ ట్రింకోమలీ కోణేశ్వరం చూసి వారం రోజులు సముద్రం ఒడ్డున ఉండాలని కోరిక. పిల్లలు బెంగళూరులో, వాళ్ళకి తీరిక లేదు. ఈ యాప్‌లు నాకు అలవాటు లేవు, ఇంగ్లీషులో రాయడం కూడా అంతంత మాత్రం. మాలాంటివాళ్ళకి దారి ఉందా?
గుణుపురం

జవాబు: తప్పకుండా ఉంది మావయ్యగారూ, నాకైతే మీలాంటివాళ్ళకే చిన్న గెస్ట్‌హౌస్ ఇంకా బావుంటుందనిపిస్తుంది. పెద్ద హోటల్‌లో మీరు రూమ్ నంబరు, ఇక్కడ పొద్దున్న టీ తాగారా అని అడిగే మనిషి ఉంటారు. పిల్లల్ని ఒక్క గంట ఫోన్‌లో కూర్చోబెట్టి మ్యాప్‌లో ఉప్పువేలిలో మూడు నాలుగు ఇళ్ళు ఏరించండి, శ్రీలంక టూరిజం డెవలప్‌మెంట్ అథారిటీలో రిజిస్టరయిందో లేదో కూడా చూడమనండి, ఆ తర్వాత పని మీరే చేసుకోవచ్చు. చాలామంది ఓనర్లు వాట్సాప్‌లో ఉంటారు. మీరు తెలుగులో రాసి ఫోన్‌లోనే ఇంగ్లీషులోకో తమిళంలోకో మార్చి పంపండి, వాక్యాలు చిన్నవిగా రాస్తే మార్పులో తప్పులు పడవు. ఇలా రాయండి:

‘నమస్కారం. మేం ఇండియా నుంచి ఇద్దరం. భార్యాభర్తలం. వయసు అరవై పైన. జూన్ 5 నుంచి ఏడు రాత్రులు ఉండాలి. కింద అంతస్తులో గది కావాలి. బాత్రూమ్ గదిలోనే ఉండాలి. వెస్టర్న్ టాయ్‌లెట్ కావాలి. వేణ్ణీళ్ళు వస్తాయా? బీచ్‌కి వెళ్ళే దారిలో రోడ్డు దాటాలా? మేం చేప, మాంసం తినం. ఉంబలకడ కూడా వద్దు. పొద్దున్న, రాత్రి భోజనం మీ ఇంట్లో దొరుకుతుందా? ట్యాక్స్‌లతో కలిపి మొత్తం ఎంత? రానప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్తే డబ్బు కట్టక్కర్లేదు? నెగొంబో నుంచి కారు మీరు పంపగలరా?’

నలుగురికీ ఇదే పంపండి. ఒకరు అసలు పలకరు, ఒకరు రేటు ఒక్కటే పంపుతారు. ఎవరు ఒక్కో ప్రశ్నకీ జవాబిస్తారో వాళ్ళతో ఒకసారి వీడియో కాల్ మాట్లాడండి, గది నుంచి బీచ్ దాకా ఫోన్ పట్టుకుని నడిచి చూపించమనండి, నిజమైన ఇంటివాళ్ళు సంతోషంగా చూపిస్తారు, అత్తయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఆవిడ మీకు తట్టనివి అడుగుతారు. ఆ తర్వాత కూడా డబ్బు మొత్తం ముందే వాళ్ళ ఖాతాలోకి పంపొద్దు, అదే ఇంటిని పిల్లల చేత యాప్‌లో అక్కడికెళ్ళాక కట్టే పద్ధతిలో బుక్ చేయించండి. ఖర్చులకి కొంత నగదు, కొంత కార్డు ఉంచుకోండి, 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో మన యూపీఐ కూడా కొన్ని కొట్లలో నడుస్తోంది గానీ చిన్న ఇళ్ళలో నగదే ఇష్టపడతారు.

పున్నమి రోజు అక్కడ పోయా అని సెలవు, కొన్ని కొట్లు, ఆఫీసులు మూసి ఉంటాయి, మందులు ముందు రోజే తెచ్చుకోండి, బీపీ మాత్రలు ఇక్కణ్ణించే వారానికి కాదు రెండు వారాలకి సరిపడా తీసుకెళ్ళండి. ఇంటివాళ్ళు పంపిన జవాబు, అడ్రసు తమిళంలో, సింహళంలో కూడా రాయించుకుని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి, రాత్రిపూట కారు డ్రైవర్‌కి అదే చూపించాలి.